కడపటి కచేరి

సికింద్రాబాదు రెజిమెంటల్ బజారులో నేడు ఆంగ్ల పటాలములు లేవు. పేరు మాత్రము మిగిలినది. వీధుల పేర్లు తరచు వెళ్లిపోయినవారి జ్ఞాపకములు. లండను నగరమందలి అబీ రోడ్ అట్టి వీధియే. అచ్చటి ఇ.ఎం.ఐ. స్టూడియోలో బీటిల్స్ బృందము తాము నలుగురును కూడి చేసిన కడపటి రికార్డుకు ఆ వీధి పేరే పెట్టినది. తరువాత స్టూడియోకును ఆ పేరే వచ్చినది.

జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్ అను ఈ నలుగురి పొత్తు 1969 నాటికి సడలినది. వారి వ్యవహారములు చూచుచుండిన బ్రయన్ ఎప్‌స్టీన్ 1967లో మరణించిన పిమ్మట తగవులు పెరిగినవి. 1969 జనవరిలో ఆరంభించిన రికార్డు కలతల నడుమ మూలబడినది. అదియే 1970 మే 8న ‘లెట్ ఇట్ బీ’గా వెలువడినది. అందుచే పలువురు దానినే చివరిదిగా ఎంచుదురు. కాని ‘అబీ రోడ్’ చాలవరకు దాని తరువాత తయారై, 1969 సెప్టెంబరు 26న ముందుగా విడుదలయినది.

తగవు తీరలేదు, పని మాత్రము శ్రద్ధగా సాగినది. పూర్వపు పద్ధతినే పని జరుగవలెనన్న షరతుపై నిర్మాత జార్జ్ మార్టిన్ మరల వచ్చినాడు. రికార్డు రెండవ వైపున, పూర్తికాని పాటల ముక్కలను దండగ్రుచ్చి, సుమారు పదునారు నిమిషముల మాలిక కట్టినారు. దాని చివర రింగో డ్రమ్ములు ఒంటరిగా మ్రోగును. పిమ్మట మెకార్ట్‌నీ, హారిసన్, లెనన్ వరుసగా గిటారు అందుకొందురు. ఒకడు చిన్న పలుకు పలికి ఆగగానే రెండవవాడు, అతని వెంట మూడవవాడు.

మన తిరుపతి వేంకట కవులను తలచుకొందము. తిరుపతిశాస్త్రిగారు గతించిన పిదపను చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు జంట పేరు విడువలేదు. లెనన్, మెకార్ట్‌నీలును ఒక్కరు కట్టిన పాటకు సైతము ఇద్దరి పేర్లును వేసుకొనుచుండిరి. అచ్చట మృత్యువు సైతము పేరును విడదీయలేదు. ఇచ్చట బ్రతికియుండగనే మనుష్యులు విడిపోయినారు.

నలుగురును కలిసి స్టూడియోలో నిలిచిన చివరి దినము 1969 ఆగస్టు 20. మరుసటి నెలలోనే లెనన్ తాను వెళ్లుచున్నానని తోడివారికి చెప్పినాడు. 1970 ఏప్రిల్ 10న మెకార్ట్‌నీ వైదొలగిన వార్త లోకమునకు తెలిసినది. అయినను రికార్డు పెట్టి వినుడు: ఆ మూడు గిటారులలో ఏదియు తన వంతు మీరదు, ప్రక్కవాని వంతు అపహరింపదు.