కొసకెక్కి చచ్చే పురుగు, కరవడానికి తిరిగే కుక్క: అపోహలు – వాస్తవాలు

కొన్ని పరాన్నజీవులు తమకు ఆశ్రయమిచ్చిన ప్రాణి నడతనే మార్చేస్తాయి. వైరస్‌లు, శిలీంధ్రాలు, ఏకకణజీవులు, పురుగులు అన్నిటిలోనూ ఇలాంటివి ఉన్నాయి. అయితే రోగం వల్ల వచ్చిన ప్రతి మార్పూ ఈ కోవలోకి రాదు. ఆ మార్పు వల్ల లాభం ఎవరికన్నదే చూడాలి. పరాన్నజీవి మరో ప్రాణిలోకి చేరడానికి అది పనికొస్తే అప్పుడు దాన్ని లొంగదీసుకోవడం అనవచ్చు. మన మెట్టచేలలో ఇందుకు చక్కని ఉదాహరణ దొరుకుతుంది.

అపోహ: మొక్క కొసన తలకిందులుగా వేలాడే పురుగు మందు ఘాటుకు చచ్చింది.

పత్తిని, కందిని తినే శనగపచ్చ పురుగు ఒక్కోసారి కొసకొమ్మ దాకా ఎక్కి, వెనక కాళ్లతో ఆకును పట్టుకుని తల కిందికి వేలాడుతూ చచ్చిపోతుంది. అది ఎన్.పి.వి. అనే వైరస్ పని. ఆకుతోపాటు పురుగు కడుపులోకి పోయిన వైరస్ మీది ప్రొటీన్ పొర అక్కడి క్షారగుణానికి కరిగిపోతుంది. కొద్ది రోజుల్లో వైరస్ ఒళ్లంతా పాకుతుంది. మామూలుగా కుబుసం విడిచే ముందు పురుగు తిండి మానేస్తుంది, ఎదుగుదల పూర్తయ్యాక కోశంగా మారడానికి మట్టిలోకి దిగుతుంది. ఇటువంటి వైరస్‌లలో ఉండే ఇ.జి.టి. అనే జన్యువు, కుబుసం విడిపించే హార్మోన్‌ను పనికిరాకుండా చేసే ఎంజైమ్‌ను తయారుచేస్తుంది. 2011లో అమెరికా శాస్త్రవేత్తలు జిప్సీ చిమ్మట పురుగులపై చేసిన ప్రయోగంలో, ఈ జన్యువు తీసేసిన వైరస్ సోకిన పురుగులు పైకెక్కి చావలేదు. శనగపచ్చ పురుగులో మరో కిటుకు కూడా ఉందని 2022లో చైనా పరిశోధకులు చూపారు: సోకిన పురుగు చూపు మారి, అది వెలుతురు వైపు మొగ్గుతుంది. కొసన చచ్చిన పురుగు చర్మం చిట్లి, వైరస్ నిండిన ద్రవం కింది ఆకుల మీద కారుతుంది. ఆ ఆకులు తిన్న పురుగులకూ అదే గతి. పురుగు ఎక్కిన ఎత్తంతా వైరస్‌కు కలిసొచ్చినట్టే.

అపోహ: వైరస్ చల్లితే మనుషులకూ పశువులకూ ముప్పు.

ఈ వైరస్‌నే ద్రావణంగా చేసి పొలాల్లో చల్లుతున్నారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ కూడా దీనిపై పనిచేసింది. దీని మోతాదును ఎల్.ఇ.లలో చెబుతారు. ఒక ఎల్.ఇ. అంటే 600 కోట్ల వైరస్ రేణువులు. సంఖ్య చూసి భయపడనక్కర్లేదు. శనగపచ్చ పురుగుకు పనిచేసే వైరస్ పొగాకు లద్దె పురుగునే ఏమీ చేయలేదు, దానికి వేరే ఎన్.పి.వి. కావాలి. మనిషికి, గేదెకు, తేనెటీగకు ఇది అంటదు. అసలు కష్టం వేరే ఉంది. ఎండకు వైరస్ చచ్చిపోతుంది కనుక సాయంత్రం పూట, బెల్లమూ బట్టల నీలిమందూ కలిపి కొట్టాలి. చిన్న పురుగుల మీదే బాగా పనిచేస్తుంది. మర్నాటికే ఫలితం కనిపించలేదని రసాయన మందుకు పరుగెత్తితే ఖర్చు దండగ, ఎందుకంటే పురుగు చావడానికి నాలుగు నుంచి ఏడు రోజులు పడుతుంది.

అపోహ: చీమలను పట్టే శిలీంధ్రం రేపు మనిషినీ పడుతుంది.

సినిమాలు, వీడియో గేములు పెంచిన భయం ఇది. అడవిచీమల చేత ఆకును కరిపించి, వాటిని చంపే ఒఫియోకార్డిసెప్స్ శిలీంధ్రంలో ఒక్కో జాతి దాదాపు ఒక్కో రకం చీమకే పరిమితం. 2017లో జరిగిన ఒక పరిశోధనలో అది చీమ కండరాలను వలలా చుట్టేసినా మెదడులోకి చొరబడలేదని తేలింది.

అపోహ: పిల్లిని పెంచితే బుద్ధి మారిపోతుంది.

టాక్సోప్లాస్మా అనే ఏకకణజీవి పిల్లి పేగుల్లోనే గుడ్లవంటి రూపాలను తయారుచేయగలదు. అది సోకిన ఎలుకలు పిల్లి వాసనకు జంకడం తగ్గిందని 2000లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ప్రకటించారు. మనుషుల సంగతికొస్తే, 2016లో న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 800 మందికి పైగా పరీక్షించి చూసినప్పుడు సోకినవారి ప్రవర్తనలో చెప్పుకోదగ్గ తేడా దాదాపు కనిపించలేదు. సరిగా ఉడకని మాంసం, కడగని కూరగాయలు, మట్టి చేతుల ద్వారా కూడా ఇది వస్తుంది. గర్భిణులు మాత్రం జాగ్రత్తపడాలి, గర్భంలో బిడ్డకు నిజంగానే హాని జరగవచ్చు.

అపోహ: కుక్కలకు ఎండాకాలంలోనే పిచ్చెక్కుతుంది, కరిస్తే పసరు చాలు, ఆసుపత్రికెళ్తే బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు.

మన ఊళ్లలో ప్రాణాలు తీస్తున్న అపోహలు ఇవే. రేబిస్ వైరస్‌కు రుతువుతో పని లేదు. కాటు నుంచి నరాల వెంట మెదడుకు, అక్కణ్నుంచి లాలాజల గ్రంథులకు చేరుతుంది. కుక్క ఉగ్రంగా మారే వేళకే దాని నోట వైరస్ నిండి ఉంటుంది. గొంతు కండరాలు బిగుసుకుని మింగలేకపోవడంతో లాలాజలం నోటినుంచే కారుతుంది. ఇంతకంటే పక్కా ఏర్పాటు ఉండదు. మనిషికి నీళ్లంటే భయం పుట్టేదీ ఈ బిగుతు వల్లనే. రోగి కుక్కలా మొరుగుతాడంటారు గానీ, అది బిగుసుకున్న గొంతు చేసే బొంగురు చప్పుడు. ఉగ్రత లేకుండా పక్షవాతంలా వచ్చే రేబిస్ కూడా ఉంది.

బొడ్డు చుట్టూ పొడిచిన సెంపుల్ టీకా 2005 నాటికే దేశంలో ఆగిపోయింది. ఇప్పటి టీకా చేతికి వేస్తారు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. కరిచిన వెంటనే సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసరు పూయకూడదు. చర్మం తెగి రక్తం వచ్చిన గాయమైతే టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ ఇస్తారు. కుక్క పది రోజులు బతుకుతుందో లేదో చూశాకే ఆసుపత్రికి వెళ్దామనుకోవడం తప్పు. టీకా మొదలుపెట్టాకే కుక్కను గమనించాలి. లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు.

అపోహ: మూర్ఛ గాలి సోకడం వల్ల వస్తుంది, మెదడులో పురుగు పంది మాంసం తిన్నవారికే ఉంటుంది.

మూర్ఛకు కారణాలు చాలా ఉన్నాయి. మన దేశంలో వాటిలో ముఖ్యమైనది బద్దెపురుగు పిల్లరూపం మెదడులో గూడు కట్టుకోవడం. దీన్ని లొంగదీసుకోవడం అనలేం. మనిషికి ఫిట్స్ వస్తే పురుగుకు ఒరిగేదేమీ లేదు, చుట్టూ వచ్చిన వాపు వల్లే అవి వస్తాయి. సరిగా ఉడకని పంది మాంసంతో వచ్చేది పేగుల్లోని పురుగు. మెదడులోకి చేరేది దాని గుడ్ల నుంచి పుట్టిన పిల్ల. ఆ గుడ్లు మలంతో కలుషితమైన నీళ్లు, పచ్చి ఆకుకూరలు, చేతుల ద్వారా శాకాహారికీ చేరతాయి. ఫిట్స్ వచ్చిన మనిషి చేతిలో తాళాలు పెట్టడం వల్ల ఏ ఉపయోగమూ లేదు. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఆసుపత్రికి తీసుకెళ్లి స్కాన్ తీయించాలి. నులిపురుగుల మందు కూడా వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలి, ఎందుకంటే పురుగు చచ్చేటప్పుడు మెదడులో వాపు పెరగవచ్చు.