బ్రిజిడ్ సిలువ: ఐర్లండు గృహములలో అల్లే జమ్ము సిలువ – అల్లిక, చరిత్ర, అర్థము

ఐర్లండు పండుగ అనగానే మనలో చాలామందికి మార్చి 17వ తేదీన వచ్చే పరిశుద్ధ పాట్రిక్ దినము, ఆకుపచ్చ రంగు, మూడాకుల షామ్‌రాక్ గుర్తుకు వస్తాయి. అయితే ఆ దేశపు ప్రజలు తమ చేతులతో అల్లి, ఇంటి గుమ్మముపైన సంవత్సరమంతా నిలుపుకొనే అలంకారము పాట్రిక్ పేరుమీద కాదు, బ్రిజిడ్ అనే స్త్రీ పేరుమీద ఉన్నది. ఫిబ్రవరి 1వ తేదీ ఆమె జ్ఞాపక దినము. ఆ ముందు రాత్రి పచ్చి జమ్ముకాడలతో ఒక చిన్న సిలువను అల్లుతారు. దానిని ఎలా అల్లుతారో, అది ఎక్కడనుండి వచ్చినదో, దాని విషయమై సంఘ కాపరి ఏమి ఆలోచించవలసి ఉన్నదో ఈ వ్యాసములో పరిశీలిద్దాము.

బ్రిజిడ్ ఎవరు?

పాట్రిక్, కొలంబా అనువారితో పాటు ఐర్లండు దేశపు ముగ్గురు ప్రధాన పరిశుద్ధులలో బ్రిజిడ్ ఒకతె. సంప్రదాయము ప్రకారము ఆమె 5వ శతాబ్ది మధ్యలో పుట్టి, సుమారు 525లో మరణించినది. ఈ సంవత్సరములు తరువాతివారు లెక్కించినవే గనుక వాటిమీద ఎక్కువ భారము వేయరాదు. ఆమె స్థాపించినదిగా చెప్పే కిల్డేర్ మఠము మాత్రము చరిత్రలో స్థిరమైనదే. కిల్డేర్ అనగా ‘సింధూర వృక్షపు దేవాలయము’ అని అర్థము. 7వ శతాబ్దిలో కోగిటోసస్ అనే రచయిత ఆమె జీవితమును లాటిను భాషలో వ్రాసెను. అందులో బ్రిజిడ్ బీదలకు పంచిపెట్టే స్త్రీగా, తడిసిన అంగీని సూర్యకిరణముమీద ఆరవేసిన అద్భుతకారిణిగా కనబడుతుంది. కాని జమ్ము సిలువ ప్రస్తావన ఆ గ్రంథములో ఎక్కడా లేదు. ఈ మౌనమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. దీనిని మరల చూచెదము.

సిలువ గురించి ప్రజలు చెప్పుకొనే కథ ఇది. అన్యుడైన ఒక నాయకుడు మరణశయ్యమీద కలవరపడుచుండగా బ్రిజిడ్ అతని ప్రక్కన కూర్చుండెను. ఆ కాలపు ఇండ్లలో నేలమీద జమ్ము పరచేవారు. ఆమె వంగి కొన్ని కాడలు తీసికొని మాటలాడుచునే అల్లసాగెను. అది ఏమిటని అతడు అడిగెను. ఆమె సిలువను గూర్చి వివరించెను. అతడు నెమ్మది పొంది, మరణమునకు ముందు బాప్తిస్మము తీసికొనెను. ఈ కథకు ప్రాచీన ఆధారము లేదు. అయినను ఒక సంగతి చెప్పక తప్పదు: రోగి ప్రక్కన ప్రసంగము చేయక, చేతికందినదానితో అతనిలో ప్రశ్న పుట్టించిన పరిచర్య ఇందులో ఉన్నది.

పండుగ ముందు రాత్రి

ఐర్లండు రైతుకు ఫిబ్రవరి 1 వసంతకాలపు ఆరంభము. గొఱ్ఱెలు ఈనే కాలము, పాలు మరల దొరికే కాలము. చలికాలమునకు దాచిన గడ్డి, బంగాళాదుంపలు ఎంత మిగిలినవో ఆ రోజున చూచుకొనేవారు. సగము మిగలకపోతే ముందు దినములు కష్టమని అర్థము. కాబట్టి ఈ పండుగను వట్టి వేడుక అనుకొనకూడదు. ఆకలికి, దూడ చావుకు, గడ్డి కప్పుకు నిప్పు అంటుకొనుటకు భయపడే బీద కుటుంబము దేవుని వైపు చూచే రాత్రి అది.

కొన్ని ప్రాంతములలో, ముఖ్యముగా ఉత్తర భాగమున, ఇంటివారిలో ఒకరు జమ్ము మోపును తీసికొని ఇంటి చుట్టూ తిరిగి తలుపు తట్టేవారు. లోపలివారు మోకాళ్లమీద ఉండి, బ్రిజిడ్‌ను లోనికి రమ్మని స్వాగతము పలికేవారు. మోపును బల్ల క్రింద ఉంచి, వెన్న కలిపి మెదిపిన బంగాళాదుంపలతో భోజనము చేసి, కృతజ్ఞతా ప్రార్థన ముగిసిన తరువాతనే అల్లిక మొదలు. పూర్తయిన సిలువలమీద పవిత్ర జలము చల్లి, గుమ్మముపైన, పశువుల కొట్టములో, ఇంటి కప్పు క్రింద దూలములకు పెట్టేవారు. కొన్ని ఇండ్లలో పాత సిలువను తీసివేయక ప్రతి సంవత్సరము ఒకటి చేర్చేవారు. అందుచేత సిలువలను లెక్కపెడితే ఆ కాపురము వయస్సు తెలిసేది. మరికొన్ని ఇండ్లలో పాతదానిని కాల్చివేసేవారు.

ఐర్లండు జానపద సంఘము 1942లో ఈ పండుగ ఆచారములపై దేశమంతటా ప్రశ్నావళి పంపి సమాధానములు సేకరించెను. సిలువ అంతటా ఒకే రూపములో లేదని అందువలన తెలియుచున్నది. నాలుగు చేతులది ప్రసిద్ధమైనది. మూడు చేతులది తరచుగా పశువుల కొట్టమునకు చెందినది. కఱ్ఱపుల్లల సిలువమీద గడ్డిని చుట్టి చేసిన వజ్రాకారపుది మరియొకటి. మేయో జిల్లాలోని టర్లో పార్కులో 2001లో తెరచిన గ్రామీణ జీవన మ్యూజియములో ఇట్టి సిలువలను చూడవచ్చును.

అల్లే విధానము

కావలసినది జమ్ము, దారము, కత్తెర మాత్రమే. ఇక్కడ జమ్ము అంటున్నది ఐర్లండు చిత్తడి పొలములలో విస్తారముగా పెరిగే జుంకస్ ఎఫ్యూసస్ అనే మొక్క. మన తుంగకాడ మూడు పలకలుగా ఉంటుంది. ఇది గుండ్రముగా, కణుపులు లేకుండా, లోపల తెల్లని బెండుతో ఉంటుంది. ఆ బెండును క్రొవ్వులో ముంచి బీదలు దీపపు వత్తిగా వెలిగించుకొనేవారు. పండుగకు జమ్మును కోయరు, చేతితో పెరుకుతారు. పచ్చిగా ఉన్నప్పుడే అల్లవలెను. ఎండిన కాడ మడత దగ్గర విరుగుతుంది.

సుమారు ఒకే పొడవుగల కాడలు పదహారు నుండి ఇరువది ఎనిమిది వరకు తీసికొనండి. ఒక కాడను నిలువుగా పట్టుకొనండి. దీనిని మడవకూడదు. రెండవ కాడను మధ్యకు మడిచి, మొదటి కాడ నడుమను ఆ మడతలో ఇమిడ్చి, విడి కొనలు కుడివైపుకు వచ్చునట్లు ఉంచండి. రెండు కలిసిన చోటును బొటనవ్రేలితో, చూపుడువ్రేలితో గట్టిగా నొక్కి పట్టండి. ఇప్పుడు మొత్తమును గడియారపు ముల్లుకు ఎదురు దిశలో పావు చుట్టు త్రిప్పండి. రెండవ కాడ కొనలు పైకి చూస్తాయి. మూడవ కాడను మడిచి, పైకి చూచే ఆ కొనలన్నిటి చుట్టూ వేసి, దాని కొనలను మరల కుడివైపుకు ఉంచండి. మరల పావు చుట్టు త్రిప్పండి. నాలుగవ కాడను అదే విధముగా వేయండి. మడత, బిగింపు, పావు చుట్టు: పద్ధతి అంతా ఇంతే. ప్రతి క్రొత్త కాడ ముందున్న కాడకు ఆనుకొని ఉండవలెను, దానిమీదికి ఎక్కకూడదు. మధ్యభాగము చతురస్రముగా పెరుగుతూ వస్తుంది.

నడుమ మీకు కావలసినంత పెరిగిన తరువాత, చివరి కాడ జారకుండ పట్టుకొని నాలుగు చేతుల కొనలను దారముతో బిగించి, సమానముగా కత్తిరించండి. మొదటి నాలుగు కాడలే కష్టము. అంతవరకు ఏదీ నిలువదు. ఆ తరువాత ఒకదాని బిగువు మరియొకదానిని పట్టుకొంటుంది. దారము కొనలకే గాని నడుముకు అవసరము లేదు.

సూర్యచక్రమా, సిలువా?

పూర్తయిన సిలువను చూచిన మన విశ్వాసులలో కొందరికి వెంటనే స్వస్తిక గుర్తుకు రావచ్చును. చేతులు నేరుగా ఎదురెదురుగా ఉండక, నడుము చుట్టూ తిరుగుచున్నట్లు ఒకదానికొకటి ప్రక్కకు జరిగి ఉంటాయి. దీనిని ఆధారము చేసికొని, ఇది క్రైస్తవ్యమునకు ముందున్న సూర్యచక్రమని చాలామంది చెప్పుదురు. దీనికి తోడు, సుమారు 900 నాటి కార్మాక్ పదకోశము బ్రిజిడ్ అనే పేరుతోనే కవులు పూజించిన దేవతను పేర్కొన్నది. ఆమె దాగ్దా కుమార్తె అనియు, వైద్యమునకు, కమ్మరిపనికి సంబంధించిన అదే పేరుగల ఇద్దరు సోదరీలు ఆమెకు ఉన్నారనియు చెప్పుచున్నది. ఫిబ్రవరి 1 ఇంబోల్క్ అనే పాత ఋతు పండుగ దినము కూడ. పరిశుద్ధురాలు దేవతకు వేసిన క్రైస్తవ వస్త్రమేనని కొందరు పండితులు వాదించుటకు ఇవే కారణములు.

పేరు విషయములోను, తేదీ విషయములోను ఈ వాదనకు బలమున్నది. సిలువ విషయములో బలము లేదు. ఈ అల్లికను గూర్చిన వ్రాతలు 17వ శతాబ్దికి ముందు కనబడవు. కోగిటోసస్ మౌనమును ఇక్కడ జ్ఞాపకము చేసికొనండి. ప్రాచీన అన్యాచారమని చెప్పేవారికిని, బ్రిజిడ్ స్వయముగా అల్లినదని చెప్పేవారికిని మధ్య వెయ్యి సంవత్సరముల ఖాళీ సమానముగానే అడ్డు నిలుచుచున్నది. ఇక ఆకారము సంగతి. పైన చెప్పినట్లు మడచి త్రిప్పే ఎవరి చేతిలోనైనను చేతులు ప్రక్కకు జరిగియే వస్తాయి. ఒక కాడ మరియొకదాని ప్రక్కన చేరుటవలన కలిగే ఫలితమిది. సూర్యుని ఎరుగని పసివాడు అల్లినను అట్లే ఉండును. ఆకారమునుండి అర్థమును ఊహించే ముందు, ఆ వస్తువును ఒకసారి చేతితో చేసి చూచుట మంచి పరిశోధన పద్ధతి.

తాయెత్తు అయ్యే ప్రమాదము

నిజమైన ప్రశ్న మూలమును గూర్చినది కాదు, ఉపయోగమును గూర్చినది. జమ్ము సిలువ ఇంటిని నిప్పునుండి, పిడుగునుండి, ఆకలినుండి కాపాడునని ప్రజలు నమ్మిరి. అప్పుడు అది సాక్ష్యమా, తాయెత్తా?

పోప్ గ్రెగొరీ 601లో ఇంగ్లండు మిషనును గూర్చి వ్రాసిన రెండు లేఖలను బీడ్ తన సంఘ చరిత్రలో భద్రపరచెను. రాజైన ఎథెల్‌బర్ట్‌కు వ్రాసిన లేఖలో అన్యుల గుడులను పడగొట్టుమనెను. కొన్ని వారములకే మెల్లిటస్‌కు వ్రాస్తూ, విగ్రహములను తీసివేసి గుడులను మాత్రము ఆరాధనకు వాడుకొనవచ్చుననెను. మన గ్రంథములలో తరచుగా రెండవ లేఖ మాత్రమే ఉదహరించబడుచున్నది. ఒకే కాపరి ఒకే వేసవిలో ఈ రెండును వ్రాసెనని మరువరాదు. వాక్యమును చూచినను ఈ రెండు వైపులు కనబడుచున్నవి. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయము ద్వారబంధములమీద దేవుని మాటలను వ్రాయుమనుచున్నది. 2 రాజులు 18:4లో హిజ్కియా మోషే చేసిన ఇత్తడి సర్పమునే ఛిన్నాభిన్నము చేసెను. దేవుని ఆజ్ఞచేత చేయబడినదే ధూపము వేయించుకొనే స్థితికి వచ్చినది గదా. మంచి మూలము ఏ వస్తువునకును శాశ్వత రక్షణ కాదు. అటువలెనే సందేహాస్పదమైన మూలము ఏ వస్తువునకును శాశ్వత శిక్ష కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయము.

ఐర్లండు సంప్రదాయములో దీనికి కొంత విరుగుడు ఉన్నది. సిలువ ఎండిపోతుంది, పసుపు రంగుకు తిరుగుతుంది, దుమ్ము పడుతుంది. ప్రతి సంవత్సరము మరల ప్రార్థించి క్రొత్తది అల్లుకొనవలెను. బజారులో కొన్న లోహపు సిలువకు ఈ గుణము లేదు. నేడు ఐర్లండులో వెండి బ్రిజిడ్ సిలువలు నగలుగా అమ్ముచున్నారు. జాతీయ టెలివిజను 1961లో ప్రారంభమైనప్పుడు ఈ సిలువనే తన చిహ్నముగా తీసికొని 1995 వరకు వాడెను. 2023 నుండి బ్రిజిడ్ పేరుమీద ఫిబ్రవరి మొదటి సోమవారము (1వ తేదీ శుక్రవారమైతే ఆ దినమే) ప్రభుత్వ సెలవు. సెలవును కోరినవారిలో కొందరికి ఆమె పరిశుద్ధురాలు, మరికొందరికి దేవత. పాఠశాల పిల్లలు మాత్రము రెండు ప్రశ్నలు లేకుండనే జమ్మును మడచుచున్నారు.

మన సంఘములలో మట్టల ఆదివారమున ఆకుతో సిలువలు చేసే అలవాటు ఉన్నది గనుక ఈ అల్లిక మనకు పూర్తిగా పరాయిది కాదు. గుమ్మమునకు మామిడాకులు కట్టవచ్చునా అని విశ్వాసి అడిగినప్పుడు మనము ఎదుర్కొనేది కూడ ఈ ప్రశ్ననే. సండేస్కూలులో నేర్పదలచినవారు, జమ్ము దొరకనిచోట, ఈనె తీసిన లేత కొబ్బరాకులతోనైనను, వ్రేలెడు వెడల్పుగల కాగితపు ముక్కలతోనైనను ఇదే పద్ధతిలో అల్లించవచ్చును. మొదటి నాలుగు మడతల వరకు పెద్దవారు పిల్లల చేతిని పట్టుకొనవలెను. ఆ తరువాత విడిచిపెట్టవచ్చును.