లెక్కలు రానిది పిల్లలకా, బడికా?

సూళ్లూరుపేట పక్కనున్న శ్రీహరికోట నుంచి 1971లో మొదటి రాకెట్ ఎగిరింది. ఆ కేంద్రం కోసం దీవిలోని యానాదులను ఖాళీ చేయించారు. ఇవాళ అందులో ఇంజనీరు కావాలంటే ముందు గణితం దాటాలి. అక్కడే యానాది, దళిత పిల్లలను ‘వీళ్లకు లెక్కలు రావు’ అన్న మాట ఆపేస్తోంది. అందుకే మేము గణిత బోధనను హక్కుల ప్రశ్నగా చూస్తున్నాం.

ఆ మాట నిజం కాదు. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే 1,400 మందికి పైగా పిల్లలపై జరిగిన పరిశోధన 2025లో ‘నేచర్’లో వచ్చింది. బేరంలో నోటితో చకచకా లెక్క చెప్పిన పిల్లలు, బడి పద్ధతిలో అడిగితే తడబడ్డారు. ఆ రెండు లెక్కలనూ కలిపే పని టీచరుది.

ఎలా? ఒక లెక్క చూద్దాం. కిలో రొయ్యలు 320 రూపాయలు. 350 గ్రాములు ఎంత? సూత్రం చెప్పకుండా పది నిమిషాలు వదిలేయాలి. ఒకరు వంద గ్రాములు 32 అనుకుని, మూడు వందలకు 96, యాభైకి 16 కలిపి 112 అంటారు. మరొకరు పావుకిలో 80కి 32 కలుపుతారు. ఇంకొకరు అరకిలో 160 నుంచి 48 తీసేస్తారు. మూడింటినీ బోర్డు మీద రాయించి, ఎందుకు ఒకే జవాబు వచ్చిందో పిల్లలతోనే చెప్పించాలి. ఎవరైనా 1,120 అంటే ‘తప్పు’ అనేయకుండా, ‘కిలోకే 320 కదా, అంతకంటే తక్కువ సరుకుకు ఇంత అవుతుందా?’ అని అడగాలి. ఆ తర్వాతే నిష్పత్తి, సమీకరణం. పిల్లల ఆలోచనను గణితీకరించడమే లక్ష్యమని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది ఇందుకే.

ఒక జాగ్రత్త. ‘మీ నాన్న చేపలు పడతాడు కదా, నువ్వు చెప్పు’ అని ఒక బిడ్డను నిలబెడితే అది కులాన్ని తరగతిలోకి తేవడమే. లెక్క అందరిదీ. రొయ్యల దగ్గర మొదలైన పాఠం బీజగణితం దాకా వెళ్లాలి, బజారులోనే ఆగకూడదు.

సిలబస్, పరీక్షలు, యాప్‌ల మధ్య నలిగే టీచరును ఒంటరిగా వదిలేస్తే ఇది జరగదు. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో టీచర్లే ముందు ఒక లెక్కను నాలుగు రకాలుగా చేసి చూడాలి. పిల్లల నోటు పుస్తకాలు తెచ్చుకుని, ఏ తప్పు వెనుక ఏ ఆలోచన ఉందో చర్చించాలి.

అమెరికాలో నల్లజాతి ఓటు హక్కు కోసం పోరాడిన బాబ్ మోజెస్ 1982లో ‘ఆల్జీబ్రా ప్రాజెక్ట్’ మొదలుపెట్టారు. ఓటు ఎంత హక్కో బీజగణితమూ అంతే హక్కన్నది ఆయన వాదన. మన కార్యకర్తలూ తల్లిదండ్రుల కమిటీల్లో మార్కులతో పాటు మరొకటి అడగాలి: ఈ వారం మా పిల్లలు తమ సొంత దారిలో చేసిన లెక్క ఏది?