శబ్దం గీసిన బొమ్మ!

ఒకే ఒక్క కాంతిరేఖతో టీవీ బొమ్మ గీయొచ్చా? గీయొచ్చని 1966లోనే చూపించారు అమెరికాలోని జెనిత్ సంస్థ పరిశోధకులు రాబర్ట్ ఆడ్లర్, అడ్రియన్ కోర్పెల్ బృందం. చెవికి వినపడని అల్ట్రాసౌండ్ తరంగాలను నీటిలోకి పంపితే, అందులోంచి వెళ్లే లేజర్ కిరణం దారి మళ్లుతుంది. తరంగాల పౌనఃపున్యం మారిస్తే కిరణం పక్కకు జరుగుతుంది. తీవ్రత మారిస్తే వెలుగు హెచ్చుతగ్గులవుతుంది. అలా గీత కింద గీత గీసుకుంటూ పోతే... తెరమీద బొమ్మ! అంతకు పదేళ్ల ముందే టీవీ రిమోట్‌కీ అల్ట్రాసౌండ్‌నే వాడిన ఘనుడీ ఆడ్లర్.

చిక్కల్లా రంగుతోనే. హీలియం-నియాన్ లేజర్‌ది ఎరుపు కాంతి కావడంతో బొమ్మంతా ఎర్రగానే కనిపించేది. నీలం, ఆకుపచ్చ ఇచ్చే ఆర్గాన్ లేజర్లేమో కరెంటును తెగ తాగేవి. అందుకే మిత్సుబిషి 'లేజర్‌వ్యూ' టీవీ ఇళ్లలోకి రావడానికి 2008 దాకా పట్టింది. అదీ 2012లో ఆగిపోయింది. శబ్దంతో కాంతిని ఆడించే కిటుకు మాత్రం వృథా పోలేదు. తొలితరం లేజర్ ప్రింటర్లలో అక్షరాలు అచ్చేసింది!