మీకు తెలుసా? బండి పొగలో పెట్రోలు లెక్క

• ఒక లీటరు పెట్రోలు పూర్తిగా కాలాలంటే ఇంజిన్‌కు దాదాపు తొమ్మిది వేల లీటర్ల గాలి కావాలి. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి. దీన్నే ‘లాంబ్డా 1’ అంటారు. గాలి తగ్గితే మిక్చర్ ‘రిచ్’, పెరిగితే ‘లీన్’. రిచ్ అయితే మసి, మైలేజీ నష్టం. బండి లోడు లాగేటప్పుడు లీన్ అయితే పికప్ పడిపోతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది.

• కార్బురేటర్ బండ్లకు ఈ పాళ్లు కుదిర్చింది మెకానిక్‌ల చెవీ కన్నూ. స్క్రూ కొద్దికొద్దిగా తిప్పుతూ ఇంజిన్ శబ్దం వినేవారు. ప్లగ్ విప్పి రంగు చూసేవారు: నల్లటి మసి పడితే రిచ్, తెల్లగా పాలిపోతే లీన్, లేత గోధుమరంగు ఉంటే సరి. అది గొప్ప విద్యే. 2020 ఏప్రిల్ 1న బీఎస్‌6 కాలుష్య నిబంధనలు వచ్చాక బైకులు ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. ఆ పని సైలెన్సర్ బెండ్ పైపులో బిగించిన ఆక్సిజన్ సెన్సర్‌కు వచ్చింది.

• ఆ సెన్సర్ లోపల ఉండేది జిర్కోనియా అనే పింగాణీ. దానికి ఒకవైపు ఇంజిన్ వదిలిన పొగ, మరోవైపు బయటి గాలి. రెండింటిలో ఆక్సిజన్ ఎంత తేడా ఉంటే అంత వోల్టేజి పుడుతుంది. రిచ్ అయితే 0.9 వోల్టు దగ్గర, లీన్ అయితే 0.1 దగ్గర. దీని వెనకున్న సూత్రాన్ని జర్మన్ శాస్త్రవేత్త వాల్తర్ నెర్న్‌స్ట్ 1889లోనే చెప్పారు. అది బండెక్కడానికి మాత్రం 1976 దాకా పట్టింది. కాలిఫోర్నియా కఠిన నిబంధనల కోసం వోల్వో కార్లలో బాష్ సెన్సర్‌ను ముందుగా అమర్చారు.

• పింగాణీ సుమారు 300 డిగ్రీలకు వేడెక్కితేగానీ సెన్సర్ పలకదు. అందుకే పొద్దున్నే స్టార్ట్ చేసిన కాసేపు ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) తనలో ముందే రాసిపెట్టిన లెక్కలతోనే పెట్రోలు పోస్తుంది.

• కంపెనీ బండ్లలో సాధారణంగా ఉండే నారోబ్యాండ్ సెన్సర్ 14.7కు అటా ఇటా అన్నది మాత్రమే కచ్చితంగా చెప్పగలదు. ఫుల్ రైజ్‌లో ఇంజిన్ మంచి బలం ఇచ్చేది 13కు దగ్గర్లో. అక్కడ ఎంత రిచ్ అన్నది దానికి తెలియదు. డైనో (ఇంజిన్ బలం కొలిచే యంత్రం) మీద ట్యూన్ చేసేవారు వైడ్‌బ్యాండ్ సెన్సర్ వాడేది ఇందుకే. అందులోని చిన్న పంపు సెల్ ఆక్సిజన్‌ను లోపలికీ బయటికీ నెడుతుంది. దానికి ఎంత కరెంటు పట్టిందో చూసి అసలు నిష్పత్తిని లెక్కగడతారు.

• అన్నిటికన్నా ముఖ్యమైనది, చాలామంది పొరబడేది ఇదే: సెన్సర్‌కు కనిపించేది ఆక్సిజన్ ఒక్కటే, పెట్రోలు కాదు. ప్లగ్ చెడి మిస్‌ఫైర్ అయితే కాలని పెట్రోలుతోపాటు వాడని ఆక్సిజన్ కూడా బయటికి వస్తుంది. సెన్సర్ దాన్ని ‘లీన్’ అంటుంది. సైలెన్సర్ ప్యాకింగ్ దగ్గర సన్నటి లీకున్నా అంతే. పొగ విడతలు విడతలుగా వెళ్లే మధ్యలో బయటి గాలి లోపలికి దూరుతుంది. ఈసీయూ ఆ మాట నమ్మి పెట్రోలు పెంచుతుంది. మైలేజీ పోతుంది, తప్పు సెన్సర్ మీద పడుతుంది.

• ఇథనాల్ బరువులో మూడో వంతుకు పైగా ఆక్సిజనే. అందుకే 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20కి కావలసిన గాలి సుమారు 13.5 పాళ్లే. సెన్సర్ ఉన్న బండి కొంతమేర తనంతట తానే సర్దుకుంటుంది. పాత కార్బురేటర్ బండి సర్దుకోలేక లీన్‌గా నడుస్తుంది. జెట్ (పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రం), స్క్రూ మళ్లీ చూడాల్సిందే.

• దీనికి ఎదురుగా, పాత బండి రిచ్ అయిపోవడం లద్దాఖ్ వెళ్లే మన కుర్రాళ్లకు అనుభవమే. ఖార్దుంగ్ లా కనుమ ఎత్తు 5,300 మీటర్లకు పైనే. గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానికి దాదాపు సగం. కార్బురేటర్ మాత్రం అదే జెట్‌తో పెట్రోలు వదులుతూ రిచ్ అయిపోతుంది.

• సీసం కలిసిన పెట్రోలు ఈ సెన్సర్‌కు విషం. మన దేశంలో అది 2000లోనే పోయింది. ఇప్పుడున్న ముప్పు సిలికోన్ గమ్. ఇంజిన్ బిగించేటప్పుడు సెన్సర్‌కు పడని రకం పూస్తే దాని ఆవిరే సెన్సర్‌ను చంపేస్తుంది.

ఇంజిన్ లైటు వెలిగి మైలేజీ తగ్గితే వెంటనే కొత్త సెన్సర్ కొనకండి. సైలెన్సర్ ప్యాకింగ్, ప్లగ్, ఎయిర్ ఫిల్టర్ ముందు చూడమని మీ మెకానిక్‌ను అడగండి.