రష్యా ప్రాంతీయ వైన్లు: రుచి, ఆహారంతో పొంతన

కీలకపదాలు: డాన్ లోయ, కుబాన్, దేశీయ ద్రాక్ష, వగరు, భోజన సంస్కృతి

1. ఉపోద్ఘాతం

రష్యా పానీయమనగానే వోడ్కా స్ఫురిస్తుంది. ధాన్యం నుండి బట్టీపట్టే వోడ్కాలో నేల రుచి అంతగా నిలవదు. వైన్ అలా కాదు. అది పండిన నేలనూ, ఎండనూ, చలినీ తనలో నిలుపుకుంటుంది. దక్షిణ రష్యాలో నల్లసముద్ర తీరపు వైన్ చరిత్ర గ్రీకు వలసల కాలం నాటిది. అక్కడి ప్రధాన ప్రాంతాల వైన్ల రుచి, వాటికి తగిన ఆహారం, స్థానిక ద్రాక్షరకాల మనుగడ ఈ వ్యాసంలో పరిశీలనాంశాలు.

2. డాన్ లోయ

డాన్ లోయలో శీతకాలపు చలికి ద్రాక్షతీగ చచ్చిపోయే ప్రమాదం ఉంది. అందువల్ల రైతులు శరదృతువు చివర తీగలను నేలకు వంచి మట్టితో కప్పుతారు. వసంతంలో మళ్లీ పైకెత్తి కడతారు. ఏటా తప్పని ఈ శ్రమ వైన్ ధరను పెంచుతుంది.

ఇక్కడి ఎర్రద్రాక్షలలో ముఖ్యమైనది క్రాస్నొస్తోప్ జొలతోవ్‌స్కీ. దీని వైన్ ముదురు రంగులో, నల్లచెర్రీ పరిమళంతో, గట్టి పులుపుతో, వగరుతో ఉంటుంది. ఈ వగరుకు కారణం తొక్క, గింజల నుండి దిగే టానిన్లు. అవి మాంసంలోని ప్రోటీన్లతో, కొవ్వుతో కలిసినప్పుడు నోటికి మెత్తబడతాయి. కనుక కాల్చిన గొర్రెమాంసం, బాతుమాంసం దీనికి తగినవి. షడ్రుచులలో వగరును ఒకటిగా గుర్తించిన తెలుగువారికి ఈ అనుభూతిని వేరుగా వివరించనక్కరలేదు.

సిబిర్కోవీ తెల్లద్రాక్ష వైన్ తేలికైనది. ఆకుపచ్చ ఆపిల్, పూల వాసనలు దానిలో కనిపిస్తాయి. నదిచేపల పులుసు ‘ఉఖా’కు అది సరిజోడు. త్సిమ్‌ల్యాన్‌స్కీ చోర్నీ ద్రాక్షతో నురగలు లేచే ఎర్రవైన్ తయారవుతుంది. కసాక్కుల పాత పద్ధతిలో, చలికి నిలిచిపోయిన పులియడం వసంతంలో తిరిగి మొదలై బుడగలు పుట్టేవి. పుష్కిన్ ‘యెవ్‌గెనీ ఒనేగిన్’ మొదటి అధ్యాయంలో రాజధాని భోజనశాలలో ఫ్రెంచి వైన్ పొంగుతుంది. ఐదవ అధ్యాయంలో పల్లె జమీందారు ఇంటి విందుకు త్సిమ్‌ల్యాన్‌స్కొయె వస్తుంది. రెండు జీవన విధానాల అంతరాన్ని ఆ రెండు పానీయాలే చెబుతాయి.

3. కుబాన్, డాగెస్తాన్

నొవొరొసీస్క్ సమీపంలోని అబ్రావ్ ద్యుర్సో తోటలను 1870లో రెండవ అలెగ్జాండర్ చక్రవర్తి శాసనంతో నెలకొల్పారు. 1891 నుండి ప్రిన్స్ లేవ్ గొలీత్సిన్ పర్యవేక్షణలో ఇక్కడ నురగవైన్ తయారీ బలపడింది. ఉత్తమ రకాలు సీసాలోనే రెండవసారి పులుస్తాయి. తీపి లేని ‘బ్రూట్’ రకంలోని పులుపు, బుడగలు నాలుకపై ఉప్పును, కొవ్వును కడిగివేస్తాయి. అందుకే చేపగుడ్లు, ఆల్చిప్పలు, పుల్లని మీగడతో వడ్డించే పెల్మెనీ దీనికి నప్పుతాయి.

తమాన్ ద్వీపకల్పంలో పండే సపెరావి జార్జియా నుండి వచ్చిన రకం. తొక్కతో పాటు గుజ్జు కూడా ఎర్రగా ఉండటం దీని విశేషం. దీని పులుపు షాష్లిక్ కొవ్వును తట్టుకుంటుంది. డాగెస్తాన్‌లో ఉడికించిన గొర్రెమాంసం, పిండిముద్దలు, వెల్లుల్లి పచ్చడితో తినే ‘ఖింకల్’కు కూడా ఇటువంటి పుల్లని ఎర్రవైనే తగినది. ఘాటైన వెల్లుల్లి ముందు సున్నితమైన వైన్ రుచి నిలవదు.

4. ముగింపు

1952లో త్సిమ్‌ల్యాన్‌స్క్ జలాశయం నిండినప్పుడు పాత కసాక్కు గ్రామాలు, తోటలు నీట మునిగాయి. 1985లో మొదలైన మద్యపాన వ్యతిరేక ఉద్యమకాలంలో అనేక ద్రాక్షతోటలను పెరికివేశారు. తీగ పోయినచోట ద్రాక్షరకంతో పాటు దానిని మట్టిలో కాపాడే నేర్పు, దానికి జోడైన వంటకపు రుచి కూడా మరుగునపడతాయి. 2020లో అమలులోకి వచ్చిన చట్టం రష్యాలో పండిన ద్రాక్షతో చేసినదానినే రష్యా వైన్‌గా గుర్తించింది. అయితే ఫ్రెంచి రకాలను ఆ నేలలో నాటినా ఈ నిర్వచనం నెరవేరుతుంది. కాబట్టి క్రాస్నొస్తోప్, సిబిర్కోవీల భవిష్యత్తు చట్టంపై కంటే, వాటి కోసం ఏటా మట్టి కప్పే రైతుపైనా, ఆ శ్రమకు తగిన ధర చెల్లించే భోజనప్రియునిపైనా ఎక్కువగా ఆధారపడి ఉంది.