భోజనం తర్వాత నలభై అడుగులు

“హకీం సాబ్, ఒళ్ళు తగ్గడానికి ఏదైనా సఫూఫ్ ఇవ్వండి.” వాడిపట్టిలో నా దవాఖానాకు వచ్చేవారిలో నలభై దాటినవారు తరచుగా అడిగే మాట ఇది. యూనానీలో సఫూఫె ముహజ్జిల్ వంటి చూర్ణాలు లేకపోలేదు. కానీ రోజుకు ఆరు టీలు తాగుతూ, రాత్రి పది గంటలకు సాల్నాలో నంజుకుని నాలుగు పరోటాలు తింటూ ఉంటే ఏ చూర్ణమైనా ఏం చేయగలదు?

కొన్నేళ్ళ క్రితం ఒక బట్టల దుకాణం భాయ్ వచ్చారు. రక్తంలో చక్కెర అప్పటికి సరిహద్దులో ఉంది. “రేపటి నుంచి అన్నం బంద్. తెల్లవారుజామున లేచి దిండిగల్ రోడ్డు మీద ఎనిమిది కిలోమీటర్లు నడుస్తాను” అన్నారు. ఆయన ఉత్సాహం చూసి నేను మెచ్చుకున్నాను, ఆపలేదు. ఆ తప్పు నాదే. పన్నెండో రోజుకు మోకాలు వాచింది. నెల తిరిగేసరికి మళ్ళీ అదే కుర్చీ, అదే పరోటా. ఆరు నెలల తర్వాత వచ్చేనాటికి మధుమేహం ఖాయమైంది.

నేను చదువుకున్న వైద్యమే ఆ రోజు నేను మరచిపోయాను. ఏ మార్పయినా ఒక్కసారిగా చేస్తే శరీరానికి ప్రమాదమని, కొద్దికొద్దిగా చేస్తే క్షేమమని బుఖ్రాత్ (హిప్పోక్రటీసు) ఏనాడో చెప్పాడు. మన వైద్యంలో ఆరోగ్యానికి ఆరు అవసరాలు, అంటే ‘అస్బాబె సిత్తా జరూరియా’ ఉన్నాయి: గాలి, తిండీ నీరూ, శరీరపు కదలిక-విశ్రాంతి, మనసు కదలిక-విశ్రాంతి, నిద్ర-మెలకువ, మలినాలు బయటకు పోవడం-కావలసినవి నిలవడం. వీటిలో ఒకదానిని విపరీతంగా లాగితే మిగిలినవీ చెదిరిపోతాయి. ఆ భాయ్ నాలుగు గంటలకే లేచి నిద్ర పోగొట్టుకున్నారు, అన్నం మానేసి ఆకలితో చిరాకు పడ్డారు. ఇక నడక ఎలా నిలుస్తుంది? వ్యాయామానికి హద్దు ఎక్కడో కూడా ఇబ్నె సీనా (980-1037) తన ‘అల్ ఖానూన్’లో వివరించాడు. ముఖంలో కళ, కదలికలో చురుకు ఉన్నంతసేపు చేయాలి; అవి తగ్గడం మొదలైతే ఆపాలి.

ఇదంతా పాత మాట అనుకోకండి. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం సరిహద్దు చక్కెర ఉన్న 531 మందిపై చేసిన పరిశోధన 2006లో వెలువడింది. ఏ మార్పూ లేనివారిలో మూడేళ్ళలో నూటికి 55 మందికి మధుమేహం వచ్చింది. రోజూ అరగంట నడక, చక్కెర-నూనె తగ్గించిన తిండి పాటించినవారిలో సుమారు 39 మందికే వచ్చింది. మెట్‌ఫార్మిన్ మాత్ర వాడినవారిలోనూ ఇంచుమించు అంతే. నడకకు మాత్ర కలిపితే అదనపు లాభం కనబడలేదు. వారిలో ఎవరూ పహిల్వాన్లు కారు, మనలాంటివారే.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? ముందు మీ టీ గ్లాసు చూడండి. రోజుకు ఐదు టీలు, ఒక్కోదానికి రెండు చెంచాలు అనుకుంటే నెలకు కిలో పైన చక్కెర. ఒకేసారి మానితే నాలుక తిరగబడుతుంది. రెండు వారాలు ఒకటిన్నర చెంచా, ఆ తర్వాత ఒకటి. టీ మాస్టరుకు “సక్కరై కమ్మి” అని చెప్పడానికి మొహమాటం ఎందుకు? పరోటా పూర్తిగా మానమని నేను అనను. మనం మదురై జిల్లాలో ఉన్నాం, అన్నా ఎవరూ వినరు! నాలుగు రెండు కావాలి, పది గంటలు ఎనిమిది కావాలి.

ఇక నడక. మన పెద్దలు రాత్రి భోజనం అయ్యాక ‘చహల్ ఖదమీ’ చేసేవారు, అంటే నలభై అడుగులు. కడుపు నిండగానే గట్టి వ్యాయామం కూడదు గానీ, మెల్లని నడక తిన్న తర్వాత పెరిగే చక్కెరను తగ్గిస్తుంది. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. కనీసం పది నిమిషాలు ఆగకుండా నడిస్తేనే లెక్క అన్న పాత నియమాన్ని 2020లో తీసేసింది. కాబట్టి మీ నలభై అడుగులూ లెక్కలోకి వస్తాయి. వారం తర్వాత వీధి చివర వరకు, మరో వారం తర్వాత ఇంకో వీధి.

ఒక హెచ్చరిక. చక్కెర మాత్రలో, ఇన్సులినో వాడేవారు డాక్టరుకు చెప్పకుండా తిండి తగ్గించకూడదు, మందు మానకూడదు. నడుస్తుంటే ఛాతీలో నొప్పి, బిగింపు వస్తే నా దగ్గరకు కాదు, నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఆ భాయ్ రెండోసారి నలభై అడుగులతోనే మొదలుపెట్టారు. ఇప్పుడు ఇరవై ఐదు నిమిషాలు నడుస్తున్నారు. ఏడాదిలో నాలుగు కిలోలు తగ్గారు. మాత్ర మాత్రం వాడుతూనే ఉన్నారు, వాడాలి కూడా. మొన్న ఆయన వెంట వాళ్ళ ఇంటావిడ వచ్చారు. “వీధిలో నడవడం నాకు కుదరదు హకీం సాబ్, డాబా మీద నడిస్తే చాలా?” అని అడిగారు.

చాలమ్మా, చక్కగా చాలు.